కర్త లేని లీకు

ఆ ఉదయం ఆరు గంటలకు మాస్టారి పథకంలో మూడే వాక్యాలున్నాయి. బాత్రూంలోకి వెళ్ళాలి. పైజామా ఉతకాలి. ఎవరూ లేవకముందే ఆరెయ్యాలి. నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పిన మనిషి కాబట్టి పథకంలో దోషాలేమీ లేవు. ఉన్న దోషమంతా పైజామాలోనే ఉంది.

రెండు వారాలుగా ఇదే వరస. పొట్టలోంచి ఆదేశం లేకుండానే ఆగమం జరిగిపోతోంది. మాస్టారు తిండి సగం చేశారు, నీళ్ళు పావు చేశారు. కోడలికి తెలియకుండా మందుల షాపులో విరేచనాలు కట్టే బిళ్ళలు కొనుక్కొచ్చి మింగారు. అయినా ఆగలేదు. సాయంత్రం ఐదింటికి ఆయన పాత విద్యార్థుల సభ, అధ్యక్షుడు ఆయనే. తెల్ల ప్యాంటు వేసుకుని రెండు గంటలు వేదిక మీద కూర్చోవాలి. పోయినసారి మోకాలి నొప్పితో వెళ్ళలేకపోయారు. ఈసారీ మానేస్తే ఇక పిలవరేమోనని బెంగ. వెళ్తే ఏమవుతుందోనని భయం.

"మావయ్యగారూ, అరగంట నుంచీ ఆ నీళ్ళ చప్పుడేమిటి?" తలుపవతల కోడలు.

మాస్టారికి అబద్ధాలు రావు. "లీకమ్మా," అన్నారు. "చిన్న లీకు."

వాక్యం నిజమే. కర్తను మాత్రం మింగేశారు.

"అవును, వాసన కూడా వస్తోంది! ప్లంబర్ని పిలుస్తానుండండి."

"ఎందుకమ్మా, అదే సర్దుకుంటుంది."

"లీకులు వాటంతటవే సర్దుకుంటాయా మావయ్యగారూ?"

ఆ సంగతి ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ప్లంబరు వస్తూనే మేడ మొత్తానికి నీళ్ళు కట్టేశాడు. వాష్‌బేసిన్ కింద దూరి, కులాసాగా ఉన్న పైపును ఊడదీశాడు. మాస్టారు ఉతికీ ఉతకని పైజామాను బకెట్లో కుక్కి, మూత పెట్టి, మూలన దాని మీదే కూర్చున్నారు.

"సార్, కాస్త లేస్తే ఆ మూల కూడా చూస్తాను."

"ఈ మూలని శంకించకు నాయనా. మూలకారణం వేరే ఉంది."

"వాసన అక్కణ్ణుంచే వస్తున్నట్టుంది సార్."

"నీకు జలుబు చేసినట్టుంది."

నీళ్ళాగిపోయేసరికి పైవాటా రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు దిగొచ్చాడు. సగం చెంపకు సబ్బు నురగ, మెడలో ఉద్యోగం నాటి విజిలు. "నీళ్ళెవడు కట్టేశాడు?"

"లీకు సార్," బేసిన్ కిందనుంచి ప్లంబరు గొంతు. "వాసనొస్తోంది. ఎక్కణ్ణుంచో దొరకట్లేదు."

ఇన్‌స్పెక్టరుకు ఆధారం కంటే అనుమానమే ముందు పుడుతుంది. "లీకు! వాసన! దొరకట్లేదు! ఇంకేముంది, గ్యాసే! అందరూ బయటకి!" అని విజిలూదాడు.

రెండు నిమిషాల్లో మూడంతస్తుల మేడ వీధిలో నిలబడింది. ఒకావిడ తల నిండా షాంపూతో, ఒకాయన నోట్లో బ్రష్షుతో. మాస్టారు బకెట్టును రెండు చేతులా కావలించుకుని గోడవారకు జరిగారు.

"ప్రాణం మీదికొస్తే బకెట్టేమిటండీ మాస్టారూ?" ఇన్‌స్పెక్టరు అరిచాడు. "బంగారమేమైనా దాచారా?"

"కాదు. సొంత రచన," అన్నారు మాస్టారు.

ఇన్‌స్పెక్టరు ఫైరింజనుకు ఫోను తీశాడు. అప్పుడే స్కూటరు దిగింది నర్సమ్మ. వారానికోసారి ఇంటింటికీ వచ్చి పెద్దవాళ్ళ బీపీ చూసి వెళ్తుంది. ఆమె బకెట్టును చూసింది, దాన్ని పట్టుకున్న వేళ్ళను చూసింది. వచ్చి, మాస్టారికీ జనానికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"ఎన్నాళ్ళనుంచి మాస్టారూ?" మెల్లగా అడిగింది.

అంత మెత్తగా అడిగితే ఎవరికైనా కళ్ళల్లో లీకు మొదలవుతుంది. "రెండు వారాలమ్మా," అన్నారాయన.

అవతల ఇన్‌స్పెక్టరు, "హలో, ఫైర్ స్టేషనా?" అంటున్నాడు.

"ఆపండి!" నలభై ఏళ్ళు క్లాసులను కూర్చోబెట్టిన గొంతు. ముగ్గురు నిజంగానే కూర్చున్నారు. "లీకు గ్యాసుది కాదు, పైపుదీ కాదు. నాది. ఆ వాక్యానికి కర్తను నేనే."

కోడలు నడిచొచ్చి బకెట్టు అందుకుంది. "రెండు వారాలు ఒక్కరే ఉతుక్కున్నారా? నాకు చెప్పకుండా?" అంది. కోపం సగం దారిలోనే ఏడుపైంది. "ఈ బకెట్టును చూసి నేను భయపడతాననుకున్నారా మావయ్యగారూ?"

నర్సమ్మ గదిలో పరీక్ష చేసి, డాక్టరుతో ఫోనులో మాట్లాడి, బయటికొచ్చి, గుమ్మంలో మూగిన జనాన్ని చూసి తటపటాయించింది.

"చెప్పమ్మా," అన్నారు మాస్టారు. "వీధంతా విన్నాక దాపరికమేముంది?"

"ఇది విరేచనాలు కాదు. మోకాలి నొప్పి బిళ్ళలతో మలబద్ధకం వచ్చింది. లోపల గట్టిపడి అడ్డం పడింది, దాని పక్కనుంచి నీళ్ళలా కారుతోంది. మీరేమో నీళ్ళు మానేసి, కట్టే బిళ్ళలు మింగి, ఇంకా బిగించారు."

"నేనూ రోజూ అదే మొత్తుకుంటా మేడమ్!" గుమ్మంలో ప్లంబరు మొహం వెలిగిపోయింది. "లీకని పిలుస్తారు, తీరా చూస్తే బ్లాకు! మీదీ మా లైనేనా?"

"మీది బయటి లైను, నాది లోపలి లైను. ముందు నీళ్ళు వదలండి, పనుంది."

ఎనిమా పని మధ్యాహ్నానికి ముగిసింది. మాస్టారు పదేళ్ళు చిన్నవారై గదిలోంచి వచ్చారు. దారి పూర్తిగా తేరుకోవడానికి కొన్నాళ్ళు పడుతుందని, అందాకా ఉంచుకోమని నర్సమ్మ ఒక ప్యాకెట్టు ఇచ్చింది.

"ఏమిటమ్మా ఇవి?"

"ప్యాడ్లు."

"జీవితమంతా పిల్లలకు చెప్పినమాటే," మాస్టారు నవ్వేశారు. "పరీక్షకు ప్యాడ్ లేకుండా రాకూడదని."

నర్సమ్మ వెళ్ళబోతుంటే మెట్ల మలుపులో ఇన్‌స్పెక్టరు కాచుకుని ఉన్నాడు. విజిలు జేబులో ఉంది, గొంతు కూడా ఎక్కడో దాచినట్టుంది. "నర్సమ్మా, పైవాటాలో కూడా ఇలాంటి కేసొకటుంది. మూడేళ్ళ పాతది."

"ఎవరిదండీ?"

"కర్త పేరు ఇప్పుడే బయటపెట్టలేను," అని ఇన్‌స్పెక్టరు పైకెక్కి తన వాటా తలుపు తీసి పట్టుకున్నాడు.

సాయంత్రం వేదిక మీద మెట్ల పక్క కుర్చీ అడిగి వేయించుకున్నారు మాస్టారు. తెల్ల ప్యాంటుతో రెండు గంటలు కూర్చున్నారు, ఆపైన గంటసేపు మాట్లాడారు. ఆపడం ఎవరివల్లా కాలేదు.

ఇప్పుడా ఇంట్లో కారుతున్నది ఒక్కటే, ప్లంబరు విప్పి బిగించిన పైపు.