పాండురంగయ్య గారి పాటల పరిరక్షణ

"కీర్తిశేషులు, గానకళానిధి పాండురంగయ్య గారి పాటలన్నీ నేటినుంచి మా ట్రస్టు రక్షణలో ఉంటాయి. ట్రస్టు పర్మిషన్ లేకుండా వాటిని సభల్లో గాని, పెళ్ళిళ్ళలో గాని, స్నానం చేస్తూ గాని పాడరాదు!"

గవర్నర్‌పేటలో తన మిల్లుబట్టల హోల్‌సేల్ షాపు మేడమీద ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు ఈ ప్రకటన చదివితే విలేఖరులు చప్పట్లు కొట్టారు. ఇడ్లీ, కాఫీ అప్పటికే అందాయి. ఆయనకు సంగీతమంటే ప్రాణం. ఆ ప్రాణంలో సగం మాత్రం మంత్రిగారి చేతిలో ఉన్న ఒక నామినేటెడ్ పదవి చుట్టూ తిరుగుతుండేది. ట్రస్టు జరపబోయే పాండురంగయ్య వర్ధంతి సభకు ఆ మంత్రిగారే వస్తున్నారు.

పాండురంగయ్య పెడన నేతగాడు. మగ్గం మీదే పాటలు కట్టి డెల్టా అంతా పాడాడు. గొంతు మంచిదే, నోరే మంచిది కాదు. భార్య చౌడేశ్వరమ్మ ట్రస్టు కాగితాల మీద వేలిముద్ర వేసి ఒక్కటే అడిగింది.

"బాబుగారూ, ఆయన రోజూ తెల్లారగట్ల మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒక పాట పాడేవోరండీ. అది వినక నాకు తెల్లారినట్టే ఉండట్లేదు. సభలో అదొక్కటీ పాడించండి."

"దానికేం భాగ్యమమ్మా! మొదటి పాట అదే."

కమిటీ కూర్చుంది. తీరా చూస్తే, మిల్లుబట్ట కట్టినవాడి పరువు మొదటి ఉతుక్కే పోతుందని ఉంది ఆ పాటలో. కింద షాపులో తానులు కొలుస్తున్న చప్పుడు వినబడింది.

"భావం గొప్పదే. సభకు బరువవుతుందేమో" అన్నారు ప్రెసిడెంటు గారు.

కల్లుపాట మద్యనిషేధ సంఘంలో ఉన్న సెక్రటరీ కృపానందం గారికి పడలేదు. కాలవకు నీళ్ళు రావట్లేదన్న పాట ఇరిగేషన్ వారికి నొప్పి. ఆఖరికి రాముడి భజన మిగిలింది. అందులోనూ, "నీకు గుడి కట్టాం, మా ఇల్లు కారుతుంటే చూడవేం?" అని నిలదీశాడు పాండురంగయ్య.

"పైవాళ్ళని ప్రశ్నలడగడం ఈ టైములో ఎందుకండీ?" అన్నారు కృపానందం గారు.

"అయితే మౌనం పెడదాం. ఎమర్జెన్సీలో కూడా దానికి అభ్యంతరం లేదు" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఆహ్వానపత్రిక మీద 'గాన కచేరి: పది నిమిషాల మౌనం' అని అచ్చయింది. పిలిచారు గనక హార్మోనియం, తబలా వాళ్ళు కూడా వచ్చి వేదిక మీద చేతులు కట్టుకు కూర్చున్నారు. మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు.

ముందు వరసలోంచి చౌడేశ్వరమ్మ మెల్లగా అడిగింది. "పాట ఎప్పుడు బాబూ?"

"జరుగుతోందమ్మా, వినండి."

పాపం, కాసేపు చెవి రిక్కించి వింది. తరవాత తనే అందుకుంది. మగ్గంపాట. పెద్దావిడ గొంతు, అక్కడక్కడా తెగింది. వెనకవరస నేతవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు. రాతిగుండె అయినా కరగవలసిందే. రామకోటేశ్వరరావు గారి గుండె మాత్రం జారింది.

మంత్రిగారు కళ్ళు తెరిచారు. "బ్రహ్మాండంగా ఉందయ్యా! ఎవరిదీ పాట?"

ప్రెసిడెంటు గారి ముఖం వికసించింది.

"మా ట్రస్టుదేనండీ. ఆవిడెవరో పర్మిషన్ లేకుండా పాడేస్తోంది. రేపే నోటీసిస్తాం."