బతు బస్తీ మట్టిలో తేలు

ఇందుమూలంగా బతు బస్తీ నివాసులకు తెలియజేయడమేమనగా, పాత లారీ షెడ్డు స్థలంలో తొమ్మిది గోతులు తవ్వి, మట్టిని శాస్త్రోక్తంగా పరీక్షించిన మీదట, అందులో ఒక్క తేలు కూడా లేదని తేలింది.

తేలు ఉందని అసలెవరన్నారని అడుగుతారా? ఎవరూ అనలేదు. ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళపాటు డీజిలు ట్యాంకులు కారాయి. కారినదంతా భూమిలోకి ఇంకి, గోడ అవతల ఎరుకమ్మ బావిలోకి చేరింది. కుళాయి మూడు రోజులకోసారి దగ్గి ఊరుకుంటుంది గనక, ఆ ఇంట్లో ఆరుగురికీ తాగడానికి ఆ బావే దిక్కు.

ఫిర్యాదు రాసింది ఎరుకమ్మ కోడలు మంజు. మన ఈ దీవిలోనే పుట్టి హిందీలో చదువుకున్న పిల్ల. కొత్తగా వచ్చిన భూశుద్ధి అధికారి గురునాథం గారు కాకినాడవారనీ, ఆయనకు హిందీ అంతంతమాత్రమనీ విని, గౌరవం కొద్దీ తెలుగులో రాసింది. ఇక్కడ మనమంతా నూనెనైనా డీజిలునైనా హిందీలో తేల్ అనే కదా అంటాం! తెలుగు మాట అచ్చుతో ముగియాలని ఎవరో చెప్పింది గుర్తొచ్చి, ఆ తేల్‌కు చివర ఒక కొమ్ము తగిలించింది. 'మా మట్టిలో తేలు ఉంది. తవ్వితే చాలా తేలు వస్తుంది. బావి నీళ్ళ మీద తేలు తేలుతోంది. పిల్లలు తాగేస్తున్నారు.'

చివరి వాక్యాన్ని గురునాథం గారు రెండుసార్లు చదివారట.

వారంలో పొక్లెయిన్ దిగింది, షామియానా లేచింది. "ప్రజలారా! తేలు చిన్నదే కావచ్చు, దాని విషం చిన్నది కాదు. ఆఖరి తేలును పట్టేదాకా ఈ గురునాథం కంటిమీదికి కునుకు రానివ్వడు!" అన్నారాయన. మేం చప్పట్లు కొట్టాం. సమోసాలు వేడిగా ఉన్నాయి మరి.

కూలీలకు మోకాళ్ళ దాకా బూట్లు, పొడుగాటి పట్టకార్లు ఇచ్చారు. మట్టి నల్లగా, జిడ్డుగా, మెరుస్తూ వచ్చింది. గోతిలోంచి అప్పలకొండ తల పైకెత్తి, "సాబ్, ఇది మట్టా, డీజిలా? సూంఘ్ కే దేఖో! బుర్ర తిరిగిపోతంది" అన్నాడు.

"వాసన సంగతి ఫిర్యాదులో లేదయ్యా. కాళ్ళ దగ్గర చూసుకో" అన్నారు గురునాథం గారు.

మూరెడేసి జెర్రులు ఏడు బయటపడ్డాయి. ఒకటి అప్పలకొండను కుట్టింది కూడా. అవీ ఫిర్యాదులో లేవు గనక నమోదు చేయలేదు.

తొమ్మిది గోతుల మట్టీ తొమ్మిది సీసాల్లో ఓడెక్కి మెయిన్‌ల్యాండ్ ప్రయోగశాలకు వెళ్ళింది. రెండు నెలలకు జవాబొచ్చింది: 'నమూనాలలో తేలు గాని, తేలు అవశేషములు గాని కనబడలేదు. మూత తీసిన సహాయకుడు స్పృహ తప్పెను. ఇందుకు తేలు కారణము కాదు.'

ఇక అనుమానమేముంది? మట్టి నిర్దోషి. గుట్టలు పోసిన మట్టిని పెరటి మొక్కలకు ఉచితంగా పట్టుకుపొమ్మన్నారు. ఉచితం అన్నాక వాసన చూసేవాడు వెర్రివాడు. నేను ఆరు బస్తాలు మోసుకొచ్చి, మా బావి పక్కన మిరప నారుకు పోశాను.

ఎరుకమ్మ మాత్రం సీసాడు బావి నీళ్ళు పట్టుకుని, కోడల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. "బాబూ, పప్పు ఒండితే లారీ వాసనొస్తంది. మనవలకి వాంతులు. నానేటి సేసీది?"

"సార్, తేల్ అంటే కుట్టే తేలు కాదు సార్, తేల్! మిట్టీ కా తేల్ లాగ, కిరసనాయిలు లాగ!" అంది మంజు.

గురునాథం గారు సీసా మూత తీశారు. ముక్కు ముడిచారు. మొహం పాలిపోయింది. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం కూర్చుని, మెల్లగా మూత బిగించారు. "అమ్మా, తేలు లేదని సంతకం పెట్టి ఫైలు మూసేశాం. ఇప్పుడది తెరవాలంటే తేలు దొరకాలి."

"అంతేనా బాబూ!" అంది ఎరుకమ్మ.

మర్నాడు కట్టెల మోపు కింద దొరికిన తేలును సీసాలో వేసుకొచ్చి, బల్ల మీద పెట్టింది. "బాయిలో దొరికింది" అంది. మూడు గంటల్లో బావికి సీలు పడింది, గుమ్మంలోకి మంచినీళ్ళ ట్యాంకరొచ్చింది. రోజూ వస్తోంది. తేలుకు కొలతలు తీసుకుని, రశీదు రాయించుకుని, మర్యాదగా వాపసు ఇచ్చారు.

వానలు పడ్డాక మా మిరప నారు మాడిపోయింది, మా బావిలో రంగులు తేలాయి. బస్తాలు మోసుకెళ్ళిన పదకొండు ఇళ్ళలోనూ అదే కథ. ఎరుకమ్మ మంచి మనిషి, అడిగినవాళ్ళందరికీ ఆ తేలు సీసా అరువిస్తోంది. ఇప్పటికి ఎనిమిది తేళ్ళు నమోదయ్యాయి. ఈ దీవి తేళ్ళన్నింటికీ ఎడమవైపు మూడో కాలు ఉండదని గురునాథం గారు నివేదిక కూడా పంపారు.

మా వంతు గురువారం. తేలు కుట్టిన దొంగ అరవడంటారు పెద్దలు. నిజమే, ఆయన చప్పుడు చేయకుండా సంతకాలు పెడుతున్నారు. కుట్టించుకోనివాళ్ళం మేమే వరసలో నిలబడి, తేలు, తేలు అని అరుస్తున్నాం.