మమ్మల్నేమైనా అడగాలా?

మనిషి ఇంతవరకు కనిపెట్టిన ప్రశ్నలన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఉద్యోగ ఇంటర్వ్యూ చివర్లో వస్తుంది. అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని చెమటలు కక్కిన అభ్యర్థి వైపు అవతలి పెద్దలు ఆప్యాయంగా వంగి, "ఇప్పుడు మీరు మమ్మల్నేమైనా అడగాలా?" అంటారు. అడగకపోతే ఒక తప్పు, అడిగితే ఇంకో తప్పు. ఈ రెండింటి మధ్యా ఉన్న సన్నని సందులోంచి దూరి వెళ్ళగలిగినవాళ్ళకే నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

మన స్టోర్ కీపరమ్మ ఆ సందులో అప్పటికే చాలాసార్లు ఇరుక్కుంది. ఆమె పనిచేసిన పంపుల కంపెనీ మూతపడ్డాక మొదట వెళ్ళిన చోట, "అడగడానికేం లేదండీ, అంతా అర్థమైంది" అంది. ఆసక్తి లేని మనిషి అని పక్కన పెట్టారు. రెండో చోట జీతమెంతని అడిగింది. డబ్బు కోసం ఉద్యోగం చేసే రకమని తేలింది. (మిగతా ఉద్యోగులు దేనికోసం చేస్తున్నారో ఆ కంపెనీ వారు ఇప్పటికీ బయటపెట్టలేదు.) ఆ తర్వాతి చోట సాయంత్రం ఎన్నింటికి వదులుతారని అడిగింది. ఇంకా చేరకముందే వెళ్ళిపోవడం గురించి ఆలోచిస్తోందని అక్కడి పెద్దలు నొచ్చుకున్నారు.

ఇలా ఇంకొన్నాళ్ళు సాగితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అక్క మొగుడికి ఒక ఫ్యాన్సీ షాపు ఉంది. బావగారు మంచివాడు. ఎంత మంచివాడంటే, మరదలికి ఉద్యోగం దొరకదని అందరికన్నా ముందే గ్రహించి, కౌంటరు పక్కన ఆమె కోసం ఒక స్టూలు కూడా వేయించాడు.

"ఇంటి మనిషివి, నీకు జీతమేమిటమ్మా? షాపు నీదే అనుకో" అనేవాడు.

షాపు తనదే అనుకుని అక్క ఏళ్ళ తరబడి ఆ కొత్త స్టూలు పక్కనున్న పాత స్టూలు మీదే కూర్చుంది. రిబ్బన్లు కొలిచి కొలిచి, ఇప్పుడు ఎవరు పలకరించినా ఎన్ని మీటర్లు కావాలన్నట్టు చూస్తోంది. ఆ రెండో స్టూలు తలచుకుంటేనే మన స్టోర్ కీపరమ్మకు ఊపిరాడదు. స్టూలుకు వీపు ఆనించుకోవడానికి కూడా ఏమీ లేదు.

అయినా ఇంటర్వ్యూకు తర్ఫీదు ఇవ్వాల్సి వచ్చేసరికి బావగారే పూనుకున్నాడు. ఆయన జీవితంలో ఒక్క ఇంటర్వ్యూకు కూడా వెళ్ళలేదు. షాపు వాళ్ళ నాన్నది. అందుచేత ఆ విషయంలో ఆయనకు అపజయమన్నది లేదు.

"చూడు మరదలా, ప్రశ్న అడగాలి. కానీ జవాబు కావాలన్నట్టు అడక్కూడదు" అన్నాడు.

"జవాబు అక్కర్లేకపోతే అడగడమెందుకు బావా?"

"ఇదిగో, ఇలా అడుగుతావు కనుకే నీకు ఉద్యోగం రావట్లేదు. నేను చెప్పింది బట్టీ పట్టు. రాబోయే రోజుల్లో ఈ సంస్థ గురించి మీ కల ఏమిటి? అని అడిగి, వాళ్ళు చెబుతున్నంతసేపూ తల ఊపు. మధ్యలో ఒకసారి కళ్ళు చెమర్చితే ఇంకా మంచిది."

ఆమె బట్టీ పట్టింది. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ కల గురించి అడిగింది.

ఈసారి పిలుపు వచ్చింది తలుపులకు తాళాలు, గడియలు, బందులు తయారుచేసే కంపెనీ నుంచి. ఉద్యోగం స్టోర్ కీపరుదే. గదిలోకి అడుగు పెడుతూనే ఆమె కాలికి ఏదో తగిలి ముందుకు తూలింది. బందుల పెట్టె. గోడ పొడవునా అలాంటి పెట్టెలే, ఒకదాని మీద ఒకటి, కిటికీ సగం మూసుకుపోయేలా పేర్చి ఉన్నాయి.

"పెట్టెలు చూసుకోండి, కాలికి తగులుతాయి" అంది హెచ్చార్ మేడం, ఎంతో శ్రద్ధగా.

బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో చైర్మన్ గారు, ఆయనకు కుడివైపు హెచ్చార్ మేడం, ఎడమవైపు గ్లాసుడు మంచినీళ్ళతో ఒక పెద్దాయన. అడగాల్సినవన్నీ అడిగారు. ఆమె తడుముకోకుండా చెప్పింది. పెద్దాయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె సరైన జవాబు చెప్పినప్పుడల్లా దిగులుగా ఒక గుక్క నీళ్ళు తాగాడు.

చివరికి చైర్మన్ గారు ముందుకు వంగారు. "ఇప్పుడు మీరు మమ్మల్నేమైనా అడగాలా?"

ఆమె గొంతు సవరించుకుంది. "రాబోయే రోజుల్లో..."

"కల గురించా?" చెయ్యెత్తి ఆపారు చైర్మన్ గారు. "పొద్దున్నించి అందరూ అదే అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. ఇక కల గురించి అడిగితే మార్కులు లేవని మధ్యాహ్నం తీర్మానం కూడా చేశాం. ఇంకేదైనా ఉంటే అడగండి."

ఆమె బుర్రలో ఒక్క ప్రశ్న లేదు. కళ్ళ ముందు మాత్రం స్టూలు కనిపిస్తోంది. దిక్కుతోచక గది నలుమూలలా చూసింది. ఎటు చూసినా పెట్టెలే.

"ఈ పెట్టెలు ఇక్కడెందుకున్నాయండీ? గోడౌన్ చూసే మనిషి ఎవరూ లేరా?"

"లేకపోవడమేమిటి? ఇదుగో, వీరే" అంటూ చైర్మన్ గారు ఎడమవైపు చూపించారు. పెద్దాయన గ్లాసు దించాడు.

"మరి ఈయన గోడౌన్‌లో..."

"తీరికేదమ్మా? ఇంటర్వ్యూలతోనే సరిపోతోంది" అన్నాడు పెద్దాయన మొదటిసారి నోరు విప్పి.

హెచ్చార్ మేడం నియమం వివరించింది. ఆయన రిటైరయ్యాడు. కానీ ఆయన స్థానంలోకి తగిన మనిషి వచ్చి బాధ్యత అందుకునేదాకా కదలడానికి వీల్లేదు. ఆ పని తెలిసినవాడు కంపెనీలో ఆయనొక్కడే కనుక, తగిన మనిషి ఎవరో తేల్చాల్సిందీ ఆయనే. (నియమం రాసిన అధికారి ముందుచూపును మెచ్చుకుని పైవాళ్ళు అప్పట్లో ఆయనకు శాలువా కప్పారు.)

"ఎన్నాళ్ళనుంచి వెతుకుతున్నారండీ?"

"మా అమ్మాయి పెళ్ళికి ముందు మొదలుపెట్టాను. ఇప్పుడు మనవరాలు బడికెళ్తోంది."

"మనిషి దొరికితే మీరేం చేస్తారు?"

చైర్మన్ గారు, హెచ్చార్ మేడం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన గ్లాసు వైపు చూశాడు. నీళ్ళు అయిపోయాయి.

"ఇంటికెళ్ళాలి" అన్నాడు చిన్నగా. "వెళ్ళి ఏం చెయ్యాలో తెలీట్లేదమ్మా."

ఆమెకు ఆయన మీద జాలేసింది. తన మీద అంతకన్నా ఎక్కువ జాలేసింది. ఈ ఉద్యోగం కూడా పోయిందని అర్థమైంది. లేచి నమస్కారం పెట్టి, పెట్టెలు తప్పించుకుంటూ బయటికొచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి బావగారు స్టూలుకు మెత్త కూడా కుట్టిస్తున్నాడు.

కానీ ఆమె అడిగింది మామూలు ప్రశ్న కాదని కంపెనీ గుర్తించింది. ఆ వారమంతా పై అంతస్తులో సమావేశాలు జరిగాయి. ఒక అభ్యర్థి ప్రశ్నకు ముగ్గురు సభ్యులు నీళ్ళు నమిలారంటే లోపం ఎక్కడుంది? నియమంలో ఉండటానికి వీల్లేదు, దానికి శాలువా కప్పి ఉంది. పెద్దాయనలో ఉండటానికి వీల్లేదు, ఆయన నియమం ప్రకారమే కూర్చున్నాడు. ఎంతో మథనపడిన మీదట లోపం సంఖ్యలో ఉందని తేల్చారు. ముగ్గురు చాలరు. నాలుగో మనిషి కావాలి.

అలా మన స్టోర్ కీపరమ్మకు ఉద్యోగం వచ్చింది. స్టోర్ కీపరుగా కాదు. ఆ ఉద్యోగానికి తగిన మనిషిని వెతికే బృందంలో ప్రశ్నల సభ్యురాలిగా. అభ్యర్థులు అడిగే ప్రశ్నలకు మార్కులు వేయడం ఆమె పని. స్టోర్ కీపరు దొరికేదాకా ఈ ఉద్యోగానికి ఢోకా లేదని హెచ్చార్ మేడం ఫోన్‌లోనే భరోసా ఇచ్చింది.

అక్క గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. "పోన్లేవే, నువ్వన్నా తప్పించుకున్నావు" అని చెవిలో అంది. బావగారు మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

"సంతోషం మరదలా. అయినా స్టూలు తీయించనులే. అక్కడే ఉంటుంది" అన్నాడు.

కొత్త ఉద్యోగంలో ఆమె కుర్చీకి వీపు ఉంది, చేతులున్నాయి, కింద చక్రాలు కూడా ఉన్నాయి. పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చి, గ్లాసు ఎక్కడ నింపుకోవాలో చూపించాడు. మొదటి వారం వచ్చినవాళ్ళంతా కల గురించే అడిగారు. ఆమె సున్నాలు వేసింది, ఏ బాధా కలగలేదు.

ఆ తర్వాత ఒక మనిషి వచ్చాడు. నడివయసు, ఇస్త్రీ చొక్కా, మూతపడిన ఒక సైకిల్ ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. అడిగినవాటికల్లా తడుముకోకుండా చెప్పాడు. పెద్దాయన ఒక గ్లాసు పూర్తిచేసి రెండోది అందుకున్నాడు.

"ఇప్పుడు మీరు మమ్మల్నేమైనా అడగాలా?" అంది ఆమె ఆప్యాయంగా వంగి.

ఆ మనిషి చుట్టూ చూశాడు.

"ఏమనుకోకండి మేడం. ఈ పెట్టెలు ఇక్కడెందుకున్నాయి? గోడౌన్ చూసే మనిషి ఎవరూ లేరా?"

దొరికాడు. ఇన్నేళ్ళుగా కంపెనీ వెతుకుతున్న మనిషి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె పక్కకు చూసింది. చైర్మన్ గారు, హెచ్చార్ మేడం ఆమె కలం వైపే చూస్తున్నారు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడో ఒక ఫ్యాన్సీ షాపులో, మెత్త కుట్టించిన స్టూలు ఒకటి ఖాళీగా ఉంది.

'అభ్యర్థికి సంస్థ వ్యవహారాల పట్ల అవసరానికి మించిన ఆసక్తి ఉంది' అని రాసి, కింద సున్నా చుట్టింది.

ఆ మనిషి లేచి నమస్కారం పెట్టి తలుపు వైపు నడిచాడు. ఆమె మనసు అంత రాయేమీ కాదు. చూస్తూ ఊరుకోలేకపోయింది.

"పెట్టెలు చూసుకోండి" అంది ఎంతో శ్రద్ధగా. "కాలికి తగులుతాయి."