చేతులెత్తితే వెలిగే హాలు

"నేటి నుంచి మన అపార్ట్‌మెంటే ఆలోచిస్తుంది!" అని సంఘం అధ్యక్షులవారు ప్రకటించారు. తమకిక ఆ శ్రమ తప్పిందని నివాసులు చప్పట్లు కొట్టారు.

స్మార్ట్ సిస్టమ్ మొదట గేటుకు వచ్చింది. అక్కడి నుంచి లిఫ్టుకూ, మీటింగు హాలుకూ విస్తరించింది. లిఫ్టు బటన్లు పీకేశారు. ఫోన్లో యాప్ ఉంటేనే అది కదులుతుంది. ఐదో అంతస్తు మామ్మగారి ఫోన్‌కు మాట్లాడటం తప్ప మరో విద్య రాదు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ, మోకాళ్లు పట్టుకుని తొంభై ఆరు మెట్లు దిగి మీటింగుకు వచ్చారు.

"నాయనా, పాత బటన్లు పెట్టించు."

"మామ్మగారూ, మనం ముందుకు పోతున్నాం!"

"నేను కిందికి పోవాలి నాయనా."

జవాబుగా అధ్యక్షులవారు ప్రగతి నివేదిక అందుకున్నారు. రెండు నిమిషాలకు దీపాలారిపోయాయి.

కదలిక లేకపోతే హాల్లో మనుషులు లేరని సిస్టమ్ నిర్ణయిస్తుంది. ఆయన ఉపన్యాసంలో ఎవరూ కదలరు.

"దీపాలారితే అందరూ ఇలా చేతులెత్తండి," అంటూ ముందు తానే రెండు చేతులూ ఎత్తారు. అందరూ ఎత్తారు. వెలిగాయి.

చేతులు లేస్తే ఆమోదమని రాసుకోవడం కార్యదర్శి అలవాటు. రాశాడు. నివేదిక ముగిసేసరికి అందులోని పదకొండు తీర్మానాలు ఏకగ్రీవంగా నెగ్గాయి, అధ్యక్షులవారి పదవీకాలం పొడిగింపుతో సహా.

"ఇంత ఐకమత్యం ఏ పార్లమెంటులో ఉందయ్యా?" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

మామ్మగారు మాత్రం చేతి వాచీ చూసుకుంటున్నారు. ప్రతిసారీ సరిగ్గా నూట ఇరవై సెకన్లు.

మరుసటి నెల ఆవిడ మళ్లీ తొంభై ఆరు మెట్లూ దిగారు. నివేదిక అయ్యాక, "ఇంకెవరైనా మాట్లాడతారా?" అని మర్యాదకు అడిగి, అధ్యక్షులవారు ఫోన్లో తలదూర్చారు.

మామ్మగారు కుర్చీలోంచి వేలైనా కదపకుండా, క్లాసులో వాడే గొంతుతో జడత్వం గురించి పాఠం మొదలుపెట్టారు. హాలంతా శిలైపోయింది. నూట పదో సెకనుకు అదే గొంతుతో ముగింపుకొచ్చారు.

"కనుక, లిఫ్టుకు పాత బటన్లు తిరిగి పెట్టాలనీ, ప్రస్తుత అధ్యక్షుడు ఈ రోజే పదవి వదలాలనీ ప్రతిపాదిస్తున్నాను."

చీకటి.

చేతులు లేచాయి. దీపాలు వెలిగాయి. అన్నిటికంటే ఎత్తుగా ఉన్నవి అధ్యక్షులవారి రెండు చేతులే.

కార్యదర్శి కలం పట్టుకుని తటపటాయించాడు. "ఇది... ఇది కూడా ఏకగ్రీవమేనా సార్?"

"కొత్తగా అడుగుతావేమయ్యా?" అధ్యక్షులవారు చేతులు దించకుండానే విసుక్కున్నారు. "రాసెయ్!"

కార్యదర్శి రాశాడు.