అత్తగారి వాంగ్మూలం

ఆ మంగళవారం ఉదయం పిచ్చుక వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి గుర్తింపు కార్డుల ఆఫీసులో ఇంటిపేరు మార్పించుకోవాలి, పదకొండుకల్లా పనిలో ఉండాలి. ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తుంది. ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారి పై పలువరస ఆమె బల్లమీద మైనంలో సగం దిగి ఉంది. పిచ్చుక అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. నాన్న పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేది భర్త ఒక్కడే, అదీ ఫోనులో.

పెళ్ళయి పద్నాలుగు నెలలు. అందులో కాపురం చేసింది పదకొండు రోజులు. పన్నెండో రోజున భర్త సముద్రం దాటి, ఒక రేవులో క్రేను నడిపే పనికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఆమె, అత్తగారు రెండు గదుల వాటాలో, మధ్యలో ఒక కుట్టుమిషను పెట్టుకుని, రోజుకి ఇరవై మాటలకి మించకుండా కాలక్షేపం చేస్తున్నారు. అత్తగారు చెడ్డమనిషి కాదు. బట్టలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి. గుడ్డయినా, మాటయినా అవసరానికి మించి కత్తిరించదు.

ఇంటిపేరు మార్చుకోమన్నది భర్తే. భార్యగా అక్కడికి వెళ్ళేందుకు ఆమె వీసా దరఖాస్తు పెట్టి ఐదు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు.

"ఇద్దరి ఇంటిపేరూ ఒకటే అయితే వీసావాళ్ళకి అనుమానం రాదట. పక్క క్రేను అతను చెప్పాడు."

"వాళ్ళావిడకి వీసా వచ్చిందా?"

"అతనికి ఇంకా పెళ్ళి కాలేదు."

ఆమె వారం రోజులు నానబెట్టింది. నాన్నకి అన్నదమ్ములు లేరు, కొడుకులు లేరు. ఆ ఇంటిపేరు మోస్తున్నవాళ్ళలో తనే ఆఖరు. కానీ చచ్చిపోయిన నాన్న పేరు పట్టుకుని, బతికున్న మొగుడిని ఎన్నాళ్ళని ఫోనులో చూడటం అనుకుని చివరికి బయల్దేరింది.

ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తాకి జలుబు చేసి ఉంది. తలెత్తకుండానే అడిగాడు. "ఇంటిపెద్ద ఎవరు?"

"మామగారు. పోయారు."

"పేరు చెప్పండి."

చెప్పింది. గుమాస్తా రెండు వేళ్ళతో టైపు చేశాడు. ఇంటిపేరు మార్పు పత్రం అసలుది తీసుకుని ఫైల్లో గుచ్చాడు. రెండు వారాలకి కార్డు వచ్చింది. అందులో కొత్త ఇంటిపేరు పక్కన తన పేరు చూసి, ఆమె ఎవరో పక్కింటావిడ కార్డు పొరపాటున తనకి వచ్చిందన్నట్టు కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది. కింది వరస చదవలేదు. ఫోటో తీసి వీసా ఆఫీసుకి పంపేసింది.

ఐదు నెలలు పలకని వీసా ఆఫీసు ఆరు రోజుల్లో పలికింది. "దరఖాస్తుదారు, ఆహ్వానించిన వ్యక్తి ఒకే తండ్రి బిడ్డలని రికార్డు తెలుపుచున్నది. వివాహ పత్రములో పేర్కొన్న స్త్రీ ఎవరో తెలియుట లేదు. ముప్పది రోజులలో వివరణ ఇవ్వవలెను."

ఆమె ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, కార్డు తీసి కింది వరస చూసింది. తండ్రి అన్నచోట మామగారి పేరు ఉంది. ఇంటిపేరు ఒకటే, తండ్రి ఒకడే, ఇల్లు ఒకటే. వీసావాళ్ళని అనడానికేం లేదు.

ఆ సాయంత్రం భర్త ఫోను చేశాడు. గొంతు బాగా కుంగిపోయి ఉంది.

"ఉత్తరం కాపీ మా మేనేజరుకి కూడా పంపారు."

"ఏమన్నాడు?"

"పక్కకి పిలిచి, మీ వైపు ఇలాంటివి మామూలేనా అని అడిగాడు. క్రేను దిగినప్పుడల్లా అందరూ నన్నే చూస్తున్నారు. అందుకే దిగడం మానేశాను."

మర్నాడు ఆమె సెలవు పెట్టి మళ్ళీ కార్డుల ఆఫీసుకి వెళ్ళింది. హెడ్మాస్టరు గారి పళ్ళు మైనంలోనే ఉన్నాయి. గుమాస్తా జలుబు తగ్గలేదు.

"తండ్రి పేరు తప్పు పడిందండీ."

"మీరు చెప్పిందే పడింది."

"మీరు ఇంటిపెద్ద పేరు అడిగారు."

"నాన్నంటే ఇంటిపెద్ద కాదా?" అన్నాడతను, నిజంగానే సందేహం వచ్చినట్టు. "సరే, మీ నాన్నగారిని తీసుకురండి."

"పోయారు."

"పోయినట్టు కాగితం ఉందా?"

ఉంది. నాన్న పోయినప్పటినుంచి అది సంచిలోనే ఉంది; ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక. గుమాస్తా దాన్నీ కార్డునీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈయన ఇంటిపేరు వేరు, మీ ఇంటిపేరు వేరు. ఈయన మీ నాన్నగారని ఏమిటి నమ్మకం?"

"నేను మార్చుకున్నాను కదా. మీరే మార్చారు."

"మార్చుకున్న పత్రం చూపించండి."

"మీరే తీసుకున్నారు."

"అయితే ఫైల్లో ఉంటుంది. ఫైలు పెద్దాఫీసుకి వెళ్ళింది."

"ఎప్పుడొస్తుంది?"

"వెళ్ళడమే చూశాను," అన్నాడు గుమాస్తా చీదుకుంటూ.

ఆమె ఆఫీసు మెట్లమీద కూర్చుని ఆ కాగితాన్ని మడతలమీదే మళ్ళీ మడిచింది. నాన్న అప్పుడు ఒకసారి పోయాడు. ఇవాళ రెండోసారి పోయాడు, ఈసారి వెనక కూతురు కూడా లేకుండా. ఎవరైనా చూస్తారేమోనని మొహం తుడుచుకుంటుంటే గుమాస్తా టీ తాగడానికి బయటికి వచ్చాడు. ఆమెని చూసి ఆగాడు. చెడ్డవాడేం కాదు.

"మీ ఆయన తల్లి ఉన్నారా? ఆవిడ వచ్చి పై అధికారి ముందు, ఈమె నా కూతురు కాదు అని ఒక్క ముక్క చెబితే చాలు. ఆయన సంతకం పెట్టేస్తారు. శుక్రవారం రండి."

ఇంటికొచ్చి చెబితే అత్తగారు దారం పంటితో కొరికి, "అంతేనా?" అంది.

"అంతే అత్తయ్యా."

"అది చెప్పడానికి నాకేం కష్టం?"

నిజమే, ఏం కష్టం? అయినా ఆ మాట పిచ్చుకకి ఎక్కడో గుచ్చుకుంది. తర్వాత రెండు రోజులూ మిషను తొక్కుతూ అత్తగారు ఆ వాక్యాన్ని బట్టీ పట్టింది. జాకెట్టు చేతులు కుట్టేటప్పుడు "ఈమె నా కూతురు కాదు," జాకెట్టు మెడ తిప్పేటప్పుడు "ఈమె నా కూతురు కాదు." పక్కగదిలో పడుకుని కోడలు వింటూనే ఉంది. అంత స్పష్టంగా ఆవిడ ఇంతవరకు ఏ మాటా మాట్లాడలేదు.

శుక్రవారం ఇద్దరూ వెళ్ళారు. పై అధికారి వయసు మళ్ళిన మనిషి, మర్యాదస్థుడు. అత్తగారికి కుర్చీ వేయించి, కళ్ళజోడు సవరించుకుని కొత్త ఫైలు తెరిచాడు.

"ముందు తప్పులన్నీ కొట్టేద్దాం. ఆ తర్వాత కొత్తవి రాసుకోవచ్చు. తండ్రి, రుజువు లేదు, కొట్టేశాను. తల్లి?"

"నా చిన్నప్పుడే పోయింది," అంది పిచ్చుక.

"కాగితం?"

"లేదండీ."

"తోబుట్టువులు?"

"లేరు."

"భర్త. పెళ్ళి పత్రంలో ఇంటిపేరు వేరు. కాబట్టి ప్రస్తుతానికి లేడు." ఒక్కో మాటకీ ఒక్కో గీత కొట్టి, ఆయన అత్తగారివైపు తిరిగాడు. "ఇక మీరే మిగిలారమ్మా. మీరూ కాదనేస్తే, ఈమె ఎవరికీ ఏమీ కాదని రాసుకుని, అక్కణ్ణించి శుభ్రంగా మొదలుపెడతాం."

అత్తగారు చెప్పాల్సిన వాక్యం చెప్పలేదు.

"ఎవరికీ ఏమీ కాకపోవడమేమిటండీ?"

"రికార్డు ప్రకారమమ్మా."

"మనిషి ఎదురుగా కూర్చునుంటే?"

"కూర్చున్నారు, నిజమే. మీరు ఒక్క మాట చెప్పండి. మీ కూతురా, కాదా?"

అత్తగారు కోడలివైపు చూసింది. కోడలు తలొంచుకుని, గోళ్ళలో ఇరుక్కున్న మైనాన్ని గీరుకుంటోంది.

"కూతురే," అంది అత్తగారు.

"అత్తయ్యా," అంది పిచ్చుక మెల్లగా.

"నువ్వుండు, నేను మాట్లాడుతున్నానుగా. రాసుకోండి బాబూ. పద్నాలుగు నెలలుగా నా ఇంట్లో ఉంటోంది. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఇదే. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా నాకు వినపడకూడదని దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. నాకు వినపడింది. ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నాను. ఇప్పుడు మీరందరూ కలిసి కొట్టేస్తుంటే, కాదని నా నోటితో నేను చెప్పను."

అధికారి అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. "ఇంత స్పష్టమైన వాంగ్మూలం నా సర్వీసులో వినలేదు," అని, తల్లి స్వయంగా ధ్రువీకరించినట్టు ముద్ర వేసి, ఒక కాపీ వీసా ఆఫీసుకి, ఒక కాపీ రేవుకి పంపించాడు.

తిరుగు బస్సులో మూడు స్టాపులు దాటాయి.

"తప్పు చెప్పానా?" అంది అత్తగారు చివరికి.

"చెప్పారు."

"వీసా రాదా?"

"రాదు."

"నామీద కోపంగా ఉందా?"

"ఉంది," అని, పిచ్చుక దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా అత్తగారి భుజంమీద తలపెట్టి ఏడ్చింది. అత్తగారు కదల్లేదు. దిగాల్సిన స్టాపు దాటిందని ఆవిడకి తెలుసు.

వారం తిరిగేలోగా తిరస్కరణ వచ్చింది. ఆ సాయంత్రం భర్త రోజూకంటే ముందే ఫోను చేశాడు.

"ఏమైంది? ఉద్యోగం తీసేశారా?" అంది పిచ్చుక.

"లేదు. అమ్మ వాంగ్మూలం చదివి మేనేజరు రూలు పుస్తకం తీశాడు. పెళ్ళాన్ని చూడటానికి రెండేళ్ళదాకా సెలవు లేదన్నది ఈయనే. కానీ తండ్రి లేనివాడికి, ఇంట్లో తల్లీ పెళ్ళికాని చెల్లెలూ ఉంటే, ఏటా రెండు నెలలు ఇవ్వాలట. ఇన్నాళ్ళూ అడగనందుకు నన్నే కోప్పడ్డాడు. ఆదివారం విమానం."

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. అత్తగారు మిషను ఆపి చూస్తోంది.

"మరి నువ్వేమన్నావు?"

"అది నా పెళ్ళాం అని చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను."

సెలవు ఫారంలో కారణం అన్నచోట ఖాళీగా వదలకూడదని మేనేజరు పట్టుబట్టడంతో, అతను కాసేపు ఆలోచించి, "చెల్లెలికి సంబంధం చూడాలి" అని రాసిచ్చాడు.