ఓటమి లేని భక్తి చదరంగం

మా నరసరావుపేటలో చదరంగంలో ఓడిపోవడాన్ని రద్దు చేశాం. మీ ఊళ్లో ఇంకా ఓడిపోతూనే ఉన్నారా? అయ్యో పాపం!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను. మా చదరంగ సంఘం అధ్యక్షులు వెంకట్రామయ్య గారు ఈ మధ్య ‘భక్తి చదరంగం’ అనే కొత్త ఆటను కనిపెట్టారు. రొంపిచెర్లలో పొలాలు, పేటలో పలుకుబడి, రెండు చేతులకూ ఉంగరాలు ఉన్న మనిషి. ఆయన ఏం చేసినా ఊరికి మేలే జరుగుతుందని ఆయన మనుషులు గట్టిగా నమ్ముతారు. నమ్మనివాళ్లకు ఇంటికి వెళ్లి మరీ నచ్చజెబుతారు.

ఆట చాలా సులువు. రాజు స్థానంలో స్వామివారు, మంత్రి స్థానంలో అమ్మవారు. ఏనుగులు, గుర్రాలు వారి వాహనాలు. బంటులంతా మాల వేసుకున్న భక్తులు. ఇప్పుడు చెప్పండి, స్వామివారి మీదికి ఎవడైనా చెయ్యెత్తుతాడా? అమ్మవారిని తీసి పక్కన పడేస్తాడా? కళ్లు పోవూ! మాలలో ఉన్న భక్తుణ్ణి చంపితే ఆ పాపం కడుక్కోవడానికి సాగర్ నీళ్లు చాలతాయా?

అందుకే మా ఆటలో కొట్టడాలు, చంపడాలు లేవు. ఎదుటి కాయ దారికి అడ్డమొస్తే నమస్కారం పెట్టి తప్పుకోవాలి. ‘చెక్’ అనే మాట నిషేధం. ‘స్వామీ, కాస్త జరుగుతారా?’ అని అడగాలి. జరగడం, జరక్కపోవడం స్వామి ఇష్టం.

మొదట్లో ఒకవైపు శివుణ్ణి, మరోవైపు విష్ణువును పెట్టారు. పావుగంటలో ఆటగాళ్లు కాయలు వదిలేసి చొక్కాలు పట్టుకున్నారు. పల్నాడులో ఆ పేచీ ఎంతదాకా పోతుందో మీకు నేను చెప్పాలా? వెంటనే రెండువైపులా ఒకే స్వామిని, ఒకే రంగులో పెట్టేశారు. ఎవరి కాయ ఎవరిదో తెలియడం లేదని కొందరు గొణిగారు. దేవుడి దగ్గర నీదేమిటి, నాదేమిటి?

తర్వాత వాస్తు చెప్పే బ్రహ్మయ్య గారు వచ్చి, బోర్డు చూసి గుండె పట్టుకున్నారు.

‘ఈశాన్యంలో ఏనుగేందయ్యా! అంత బరువు పెడితే సంఘం ఏమైపోవాల?’

నిజమే కదా! ఇప్పుడు ప్రతి బోర్డుకూ ఈశాన్యం మూలన చిన్న గిన్నెలో నీళ్లు పెడుతున్నాం. అక్కడి ఏనుగు నైరుతి ఏనుగు నెత్తినెక్కింది. రెండూ కలిసి ఎలా నడవాలన్నది ఇంకా తేలలేదు. తేలకపోతేనేం, ప్రశాంతంగా ఉంది!

ఆరోగ్యం సంగతి చూడండి. ఓటమి లేదు, బీపీ లేదు. మాచర్లాయన ఒకరు వినాయక చవితికి మొదలుపెట్టిన ఆట ఇంకా నడుస్తోంది. వారం వారం బస్సులో వస్తాడు, బోర్డుకు దణ్ణం పెడతాడు, పులిహోర తింటాడు, వెళ్లిపోతాడు. పాత ఆటలో పులిహోర ఉండేదా?

అన్నిటికన్నా గొప్ప సంస్కరణ బంటుది. పాత ఆటలో ఒక్కో గడీ నడుచుకుంటూ అవతలి చివరకు చేరిన బంటు మంత్రి అయ్యేది. వెంకట్రామయ్య గారికి ఇది అస్సలు మింగుడు పడలేదు.

‘బంటేంది, మంత్రి కావడమేంది! చానా అన్యాయం గదయ్యా. మరి పుట్టుకతో మంత్రులైనోళ్లు ఏం కావాల?’

ఇప్పుడు చివరి గడి చేరిన బంటుకు నేరుగా మోక్షం. కాయను కళ్లకద్దుకుని డబ్బాలో పెట్టేస్తాం. మోక్షం కన్నా పదవి ఎక్కువా?

గిట్టనివాళ్లు మాత్రం ఇదంతా దీపశ్రీ వల్లే వచ్చిందంటారు. తాళ్లు, టార్పాలిన్లు అమ్మే శశికాంత్ గారి అమ్మాయి, ఎనిమిదో తరగతి. సంఘం వార్షికోత్సవంలో అందరి ముందూ ఒక బంటును నడిపించి, మంత్రిని చేసి, వెంకట్రామయ్య గారి రాజును మూలకు నెట్టి ఆట కట్టించింది. ఆ మర్నాటి తెల్లవారుజామునే స్వామి ఆయన కలలోకొచ్చి కొత్త ఆట నేర్పారు. అందులో తప్పేముంది? స్వామి ఎప్పుడు ఎవరి కలలోకి రావాలో దీపశ్రీని అడిగి రావాలా?

మొన్న ఆదివారం రాష్ట్ర పోటీలకు మా సంఘం తరఫున ఒకరిని ఎంపిక చేశాం. అక్కడ పాపం ఇంకా పాత ఆటే ఆడతారు. ఆ పోటీల కోసం దీపశ్రీ ఏడాదిగా సాధన చేస్తోంది. పొద్దున్నే అందరం భక్తి చదరంగం ఆడాం. ఎవరూ ఓడలేదు కాబట్టి ఎవరూ గెలవలేదు. ఇక తప్పక వెంకట్రామయ్య గారే బాగా ఆలోచించి, తన మనవడు నవీన్ పేరు ప్రకటించారు. నవీన్ బుద్ధిమంతుడు. గుర్రం ఎటు దూకుతుందో అప్పుడప్పుడూ మరిచిపోతాడు, అంతే.

అందరం చప్పట్లు కొట్టాం. దీపశ్రీ లేచి నిలబడింది.

‘తాతయ్యా, ఓడిపోతే స్వామికి కోపమొస్తదా?’

‘ఎందుకొస్తదమ్మా! భక్తుల చేతిలో ఓడిపోవడమంటే ఆయనకు చానా ఇష్టం,’ అన్నారు వెంకట్రామయ్య గారు చేతులు జోడించి.

‘మరి కోపం ఎవరికి?’

ఆయన గడియారం చూసుకున్నారు. రాహుకాలం వచ్చేసింది, బోర్డులు మూసేయండన్నారు. ఆదివారం రాహుకాలం సాయంత్రమని పేటలో అందరికీ తెలుసు. అప్పుడింకా ఇడ్లీల వేళ. అయినా మూసేశాం.

దీపశ్రీ మాత్రం అటకమీది పాత కాయలు దించి, పేర్చుకుని కూర్చుంది.

‘పాత ఆట ఒక్కటి ఆడండి. నవీనైనా సరే, మీలో ఎవరైనా సరే. ఓడిపోతే నోరు మూసుకుని ఇంటికెళ్లిపోతా.’

న్యాయమైన మాట. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల ఎంతో ముచ్చటేసింది. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. పాత ఆట మా అందరికీ వచ్చు.

వెంకట్రామయ్య గారు ఒక్కసారి మా అందరి వంకా చూశారు.

మేమంతా భక్తిగా గోడమీది స్వామి పటం వంక చూశాం.