పిడి రాని మగ్గులు

మధ్యాహ్నానికల్లా రెండువందల మగ్గులు లారీకి ఎక్కించాలని వదిన పొద్దున్నే అనుకుంది. ఆ మగ్గుల షెడ్డు ఆమెది. మెషిన్ నడిపేది మరిది. అతను పిలిచినట్టే అక్కడ అందరూ ఆమెను వదిన అంటారు. మామగారు ఎవరూ పని చెప్పకపోయినా వస్తారు. కొత్త హాస్టల్ ఇచ్చిన తొలి ఆర్డరు; ఈరోజు మాట తప్పితే మళ్ళీ రాదు.

కొత్త బస్తా విప్పి ప్లాస్టిక్ గింజలు పోశారు. మొదటి మగ్గు పిడి లేకుండా వచ్చింది. రెండోదీ అంతే. కరిగిన ప్లాస్టిక్ ముదిరిన పాకంలా కదిలి, పిడి దాకా చేరకముందే గడ్డకడుతోంది.

వేడి చాలలేదని మరిదికి తోచింది. చెబితే వదిన ఒప్పుకోదని, అంకెలు అరిగిపోయిన మీటను చడీచప్పుడు లేకుండా రెండు గీతలు పైకి తిప్పాడు. కాసేపటికి మామగారు కోడలికి సాయపడదామని ఇంకో రెండు గీతలు పెంచారు. వదిన ఎవరినీ అడిగే రకం కాదు. తనూ రెండు పెంచింది. పిడి సగం వచ్చింది, వెంట పొగ కూడా వచ్చింది. మగ్గు పచ్చబడింది.

మెషిన్ ముసలిదైపోయింది, ఈపూటకు ఆపేద్దామన్నాడు మరిది.

"పిడి రాకుండా నేనిక్కణ్ణుంచి కదలను," అంది వదిన.

అంతలో వెనక వీధిలో పైపులు చేసే పెద్దాయన భుజాన బస్తాతో వచ్చాడు. పొద్దున్నుంచి ఆయన పైపులు బయటికొస్తూనే గుడ్డపీలికల్లా వాలిపోతున్నాయట, తను మీట రెండు గీతలు కిందికి తిప్పి వేడి తగ్గించినా లాభం లేదట. వదిన బస్తా మీది చీటీ చదివింది. అవి మగ్గుల గింజలు. సరుకు తెచ్చినవాడు బస్తాలు తారుమారు చేశాడు.

"పైపు గింజల్లో అణువుల గొలుసులు పొడుగమ్మా. గొలుసు రెట్టింపైతే పాకం పదింతలు చిక్కబడుతుంది. వేడితో దాన్ని లొంగదీద్దామంటే మాడుతుందే గానీ పారదు," అన్నాడు పెద్దాయన.

బస్తాలు మార్చుకున్నారు. మెషిన్‌లో మిగిలిన పాత సరుకంతా బయటికి నెట్టి వదిన మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ప్లాస్టిక్ నీళ్ళలా పారి అచ్చు సందుల్లోంచి చిమ్మింది. మగ్గుకు పిడి నిక్షేపంగా వచ్చింది, చుట్టూ రెక్కలు కూడా వచ్చాయి.

"మీట ఎవరు ముట్టుకున్నారు?"

మరిది నేల చూశాడు. మామగారు పైకప్పు చూశారు. ఇద్దరూ రెండేసి గీతలు ఒప్పుకున్నాక వదిన తన రెండూ కలిపి ఆరు గీతలు వెనక్కి తిప్పింది. లారీ గంట ఆలస్యంగానైనా నిండుగా కదిలింది.

అంతా చూసి పెద్దాయన కడుపుబ్బ నవ్వి తన షెడ్డు దారి పట్టాడు. గుమ్మం దగ్గర ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆయన షెడ్డులో పనిచేసే తమ్ముళ్ళు నలుగురు.